తప్పు లేని వ్యాసానికి 74 మార్కులేనా?

టెక్సస్ నుంచి ఒక తల్లి రాసిన పొడవైన ఉత్తరం ఇది. పేరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

భర్త ఉద్యోగరీత్యా రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి డాలస్ శివార్లకు వచ్చారు. పెద్దమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. అక్కడ చదివినన్నాళ్లూ ఇంగ్లీషులో క్లాసు ఫస్టు. ఇక్కడి మిడిల్ స్కూల్లోనూ ఎప్పుడూ ‘ఎ’ గ్రేడే. హైస్కూల్లో ఆనర్స్ ఇంగ్లీషు, అంటే మామూలు క్లాసు కంటే పై స్థాయిది, తీసుకోమన్నది తల్లిదండ్రులే. తెలిసిన కుటుంబాల పిల్లలందరూ అదే తీసుకున్నారు మరి. మొదటి పెద్ద వ్యాసం ‘రోమియో అండ్ జూలియట్’ మీద రాయాల్సి వచ్చింది. 74 మార్కులు వచ్చాయి. అక్షరదోషం ఒక్కటి లేదు, వ్యాకరణం తప్పు ఒక్కటి లేదు. మార్జిన్‌లో మూడు చోట్ల టీచరు ‘అయితే ఏమిటి?’ అని రాశారు. చివర ‘కథ బాగా చెప్పావు, నీ విశ్లేషణ కనపడలేదు’ అని ఒక వాక్యం. తండ్రికి కోపం వచ్చింది. కంప్యూటర్ సైన్స్ చదవబోయే పిల్లకు నాలుగు వందల ఏళ్లనాటి నాటకం ఎందుకు, మామూలు క్లాసుకు మార్పించేద్దామన్నారు. మారిస్తే ర్యాంకు పోతుందేమోనన్న భయమూ ఆయనకే ఉంది. ఇంతలో మరో సంగతి బయటపడింది. రెండో వ్యాసంలో రెండు పేరాలు అమ్మాయి చాట్‌బాట్ చేత రాయించుకున్నట్టు తల్లి ల్యాప్‌టాప్‌లో చూశారు. వ్యాసం అప్పటికే పంపేసింది. మార్కులు ఇంకా రాలేదు. ‘నాన్నకు చెప్పవద్దు’ అని అమ్మాయి ఏడ్చిందట.

ఉత్తరం చివర ఈ తల్లి ఇలా రాశారు: ‘నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. పిల్లకు సాయం చేయలేని దాన్నయిపోయాను. క్లాసులో ఉంచాలా, మార్పించాలా? ఆ పేరాల సంగతి ఏం చేయాలి? అసలు ఆ టీచరు ఏం అడుగుతున్నారో నాకు అర్థం కావడం లేదు.’

అమ్మా, మీరు అడిగిన వరుస తప్పించి ముందు ఆ రెండు పేరాల దగ్గర మొదలుపెడతాను. మిగతా వాటికి వారాల వ్యవధి ఉంది, దీనికి లేదు.

మార్కులు వచ్చే లోపే అమ్మాయి స్వయంగా టీచరు దగ్గరికి వెళ్లి చెప్పడం ఒక దారి. అలా చెబితే ఏమీ కాదని నేను మీకు హామీ ఇవ్వలేను. ఆ వ్యాసానికి సున్నా పడవచ్చు. మళ్లీ రాయించి తక్కువ మార్కులకు దిద్దవచ్చు. ఆఫీసు నుంచి మీ ఇంటికి ఫోను రావచ్చు. ఏడాది మొదట్లో టీచరు ఇచ్చిన సిలబస్ కాగితం తీసి చూడండి, చాలా స్కూళ్లలో ఈ విషయంలో నియమం అందులోనే ఉంటుంది. బహుశా మీరిద్దరూ దాని మీద సంతకం కూడా చేసి ఉంటారు. రెండో దారి ఊరుకోవడం. పట్టుబడకపోవచ్చు కూడా. కాని ఒకటి ఆలోచించండి. మొదటి వ్యాసంలో విశ్లేషణే లేదని రాసిన టీచరు, రెండో వ్యాసంలో రెండు పేరాలు హఠాత్తుగా వేరే గొంతుతో మాట్లాడితే గమనించకుండా ఉంటారా? అప్పుడు శిక్ష ఒక్క తప్పుకే పడదు, దాచినందుకు కూడా పడుతుంది. ఆ తరువాత మిగతా సంవత్సరమంతా ఆ పిల్ల రాసే ప్రతి మంచి వాక్యాన్నీ ఆవిడ అనుమానంగా చదువుతారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. మూడో దారి మీరే టీచరుకు మెయిలు పెట్టడం. అది మీకు తేలిక, అమ్మాయికి మాత్రం అవమానం. పద్నాలుగేళ్ల పిల్ల తన తప్పు తానే చెప్పుకోగలదు. మీరు కారులో తోడు వెళ్లి బయట కూర్చోండి.

తండ్రి విషయంలో కూడా ఇదే మాట. ఈ రహస్యం మీ ఇద్దరి మధ్య ఉన్నంతకాలం ఆ పిల్లకు మీరు తల్లి కంటే ఎక్కువగా సాక్షి అవుతారు. ఎప్పుడు చెబుతారో అని బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. ‘నేను పక్కనే ఉంటాను, నువ్వే చెప్పు’ అనండి, రెండు మూడు రోజులు గడువివ్వండి. ఆయన కోప్పడితే కోప్పడనివ్వండి.

ఇక ముందు జాగ్రత్తగా ఒక పని చేయించండి. వ్యాసాలన్నీ మొదటి వాక్యం నుంచి గూగుల్ డాక్స్‌లోనే టైపు చేయమనండి. ఏ వాక్యం ఎప్పుడు రాసింది, ఎప్పుడు కొట్టేసింది అన్న చరిత్ర అందులో నిలిచి ఉంటుంది. యంత్రం రాసిన రాతను పట్టుకునే సాఫ్ట్‌వేర్లు పొరబడతాయి. ఇంగ్లీషు మాతృభాష కానివారు సొంతంగా రాసిన వ్యాసాలను అవి యంత్రం రాసినవిగా ఎక్కువసార్లు తేలుస్తున్నాయని 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. నిజాయితీగా రాసిన రోజున ఆ చరిత్రే మీ అమ్మాయికి అండ.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఆ పిల్ల చాట్‌బాట్‌ను ఎందుకు ఆశ్రయించింది? సోమరితనం వల్ల కాదని మీ ఉత్తరమే చెబుతోంది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చునే పిల్ల సోమరి కాదు. టీచరు తన అభిప్రాయం అడిగారు. తన అభిప్రాయానికి విలువ ఉంటుందని ఆ పిల్లకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అంతకుముందు చదివిన చదువులో సరైన జవాబు ఎక్కడో ఉండేది, పాఠం వెనకో, నోట్సులోనో, గైడులోనో. దాన్ని తప్పు లేకుండా దింపడమే పరీక్ష. అందులో మీ అమ్మాయి దిట్ట. ఇక్కడ ఆ జవాబు ఎక్కడా లేదు, కొత్తగా పుట్టించాలి. భయపడి, పుట్టించే పనిని యంత్రానికి అప్పగించింది.

మీరు తెలుగు మీడియంలో చదివారు కదా, పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసి ఉంటారు. బాగా చెప్పే మాస్టారు ఉంటే అక్కడితో ఆగకుండా, కవి ఈ సమాసమే ఎందుకు వేశాడు, ఈ పాదాన్ని ఇక్కడే ఎందుకు విరిచాడు అని విశేషాలు కూడా చెప్పేవారు. మీ అమ్మాయి రాసిన 74 మార్కుల వ్యాసం చక్కటి తాత్పర్యం. ఆ టీచరు అడుగుతున్నది విశేషాలు.

మీ అమ్మాయి చదివిన నాటకంలోనే ఒక చోటు తీసుకుని చూద్దాం. మొదటి అంకం ఐదో రంగం. విందులో రోమియో జూలియట్‌ను తొలిసారి పలకరిస్తాడు. ‘విందులో రోమియో జూలియట్‌ను చూసి ప్రేమలో పడతాడు, ఇద్దరూ మాట్లాడుకుని ముద్దు పెట్టుకుంటారు’ అని రాస్తే అది నిజమే. కాని దాని పక్కన ‘అయితే ఏమిటి?’ అని రాయాల్సిందే, ఎందుకంటే పుస్తకం చదివిన ప్రతివారికీ ఆ సంగతి తెలుసు. ఇప్పుడు పాదాలు లెక్కపెట్టమనండి. ముద్దు దాకా వారి మాటలు పద్నాలుగు పాదాలు, ప్రాసలన్నీ కుదిరిన ఒక పూర్తి సానెట్ (పద్నాలుగు పాదాల ఇంగ్లీషు పద్యరూపం). మొదటి నాలుగు పాదాలు అతడివి. తరువాతి నాలుగు ఆమెవి. అతడు తన పెదవులను యాత్రికులంటే, ఆమె ఆ పోలికనే అందుకుని యాత్రికులకు చేతులు కూడా ఉన్నాయి కదా అని తిప్పికొడుతుంది. మిగతా ఆరు పాదాలు ఇద్దరూ పంచుకుంటారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. శత్రువుల పిల్లలమని తెలియదు. ఆ తెలియని క్షణంలో ఇద్దరూ కలిసి ఒకే పద్యాన్ని పూర్తిచేశారు. కొద్దిసేపటికి పేర్లు తెలుస్తాయి, ఆపద మొదలవుతుంది. అంటే ఈ ఇద్దరినీ విడదీసింది స్వభావం కాదు, పేర్లు మాత్రమేనని నాటకకర్త పద్యం అల్లికతోనే చూపించాడు. ఇలా రాస్తే అది విశ్లేషణ.

దీన్ని కాదనడానికి కూడా వీలుంది. అదే రోజు రోమియో మరో అమ్మాయి రోజలైన్ కోసం విలపిస్తూ ఆ విందుకు వచ్చాడు. అలాంటివాడు అంత నునుపుగా మాట్లాడుతున్నాడంటే అది ప్రేమా, అలవాటా? మీ అమ్మాయి ఈ వైపు నిలబడి రాసినా మంచి మార్కులే వస్తాయి. మంచి ఆనర్స్ టీచరు అడిగేది తనతో ఏకీభవించమని కాదు. ఒక వైపు ఎంచుకో, పుస్తకంలోని మాటలను సాక్ష్యంగా చూపించు, ఆ సాక్ష్యం నీ వాదానికి ఎలా బలమిస్తుందో విడమరిచి చెప్పు అంటారు. వాళ్లు థీసిస్ అనేది ఆ ఎంచుకున్న వైపునే. దాన్ని కాదనేవాడు ఒక్కడైనా ఉండాలి. ఎవరూ కాదనలేని వాక్యం థీసిస్ కాదు.

ఆ క్లాసులో మిగతావన్నీ ఈ ఒక్క పనికి సాధనాలే. చదువుతూ మార్జిన్‌లో నోట్సు రాయమనడం, గుండ్రంగా కూర్చోబెట్టి పిల్లల చేతనే చర్చ నడిపించే సోక్రటిక్ సెమినార్, గడియారం పెట్టి క్లాసులోనే రాయించే వ్యాసాలు, ఆకరాలను ఎం.ఎల్.ఎ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో చూపమనడం, ఒకరి వ్యాసం ఒకరు దిద్దడం. మామూలు క్లాసులో కూడా తరచు అవే పుస్తకాలు ఉంటాయి. ఆనర్స్‌లో వేగం ఎక్కువ, ఇంట్లో చదవాల్సింది ఎక్కువ, చాలా చోట్ల వేసవిలోనే ఒక పుస్తకం చదివి రమ్మంటారు. అన్నిటికంటే ముఖ్యమైన తేడా, టీచరు అర్థం చెప్పి పెట్టడం తగ్గిపోతుంది. సెమినార్‌లో మాట్లాడినందుకు కూడా మార్కులుంటాయి. మీ అమ్మాయి అక్కడ నోరు విప్పుతోందా అని ఒకసారి అడగండి. ‘పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో రావద్దు’ అని పెంచిన మన పిల్లలు చాలామంది అక్కడ మౌనంగా మార్కులు పోగొట్టుకుంటారు.

వ్యాకరణం బాగుంటే మార్కులు ఎందుకు రాలేదన్న మీ ప్రశ్నకు ఒక రుజువు ఇస్తాను. ఈ మెట్లు ఎక్కితే పదకొండో తరగతిలో చాలామంది తీసుకునేది ఎ.పి. (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లీష్ లాంగ్వేజ్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. మే నెలలో జరిగే ఆ పరీక్షలో మూడు వ్యాసాలు రాయాలి, చదివే సమయంతో కలిపి 2 గంటల 15 నిమిషాల్లో. ఒక్కో వ్యాసానికి 6 పాయింట్లు. థీసిస్‌కు 1, సాక్ష్యానికీ వివరణకూ కలిపి 4, ఆలోచనలోని లోతుకు 1. తప్పుల్లేకుండా రాసినందుకు విడిగా పాయింటు లేదు. మీ అమ్మాయికి 74 ఇచ్చిన టీచరు ఆ పరీక్షకు రెండేళ్ల ముందు నుంచే అలవాటు చేస్తున్నారు.

ఇక ఉంచాలా, మార్పించాలా అన్నది. టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి ర్యాంకు గురించి మీవారి భయాన్ని నేను కొట్టిపారేయను. రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో హైస్కూల్ ర్యాంకును బట్టి నేరుగా సీటిచ్చే చట్టం 1997 నుంచి ఉంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ 2026లో చేరే విద్యార్థుల నుంచి ఆ హద్దును హైస్కూల్ ర్యాంకుల్లో పై 6 శాతం నుంచి పై 5 శాతానికి తగ్గించింది. పైగా సీటు వచ్చినా కంప్యూటర్ సైన్స్ వచ్చినట్టు కాదు, దానికి విడిగా పోటీ ఉంటుంది. అయితే ఆనర్స్‌కు ఎంత అదనపు విలువ ఇవ్వాలన్నది ఒక్కో స్కూల్ డిస్ట్రిక్టులో ఒక్కో లెక్క. ఒకచోట ఆనర్స్‌లో వచ్చిన 80, మామూలు క్లాసులో వచ్చిన 90తో సమానం కావచ్చు, మరోచోట కాకపోవచ్చు. ఆదివారం విందుల్లో వినపడే లెక్కలు పక్కన పెట్టండి. మీ డిస్ట్రిక్టు పట్టిక కౌన్సెలర్ దగ్గర ఉంటుంది.

క్లాసులో ఉంటే ఈ సంవత్సరం 70ల చివర్లోనో 80ల మొదట్లోనో గ్రేడు రావచ్చు. అది ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే కాలేజీలు చూసే మార్కుల పట్టికలో, ఉండిపోతుంది. నిద్ర తగ్గకుండా ఉండాలంటే వేరే ఏదో ఒకటి వదలాలి, డాన్సు క్లాసో, రోబోటిక్సో, మరో ఆనర్స్ సబ్జెక్టో. ప్రతిఫలంగా పదో తరగతికి వెళ్లేసరికి రాయడం వస్తుంది. మామూలు క్లాసుకు మారితే గ్రేడు పెరుగుతుంది, ఇంట్లో ఊపిరి ఆడుతుంది. వచ్చే ఏడాది మళ్లీ ఆనర్స్‌కు రావచ్చు, కాని కొన్ని స్కూళ్లలో టీచరు సిఫారసు కావాలి, అదీగాక ఇప్పుడు నేర్చుకోవాల్సింది అప్పుడు నేర్చుకోవాలి. పని వాయిదా పడుతుంది కాని తప్పదు. తొమ్మిదో తరగతి చివర రాసే రాష్ట్ర పరీక్ష స్టార్ (STAAR) ఇంగ్లీష్ 1 ఏ క్లాసులో ఉన్నా ఒకటే. మారడం పరువు తక్కువ అన్న మాట మాత్రం మీ లెక్కలోకి రానివ్వకండి. నిద్ర లేక, భయంతో యంత్రం చేత రాయించుకునే పిల్లను ఆనర్స్ అన్న పేరు కోసం అక్కడ కూర్చోబెట్టడం కంటే, మామూలు క్లాసులో సొంతంగా రాసే పిల్ల నయం.

నన్ను నా అభిప్రాయం అడిగితే, ఆరు వారాలు ఆగి చూడమంటాను. ఆ ఆరు వారాలూ అమ్మాయి బడి ముందో తరువాతో టీచర్లు పెట్టే ట్యుటోరియల్స్‌కు వారానికోసారి వెళ్లాలి. పూర్తయిన వ్యాసం పట్టుకుని వెళ్లకూడదు, ఒక్క థీసిస్ వాక్యం, రెండు సాక్ష్యాలు పట్టుకుని వెళ్లి ‘ఇది నిలబడుతుందా?’ అని అడగాలి. ఆరు వారాల తరువాత కూడా ఏడుపే మిగిలితే మార్చండి. దీనికి ఒక ముప్పు ఉంది, క్లాసు మార్చుకునే గడువు ఈలోపు దాటిపోవచ్చు. ఆ తేదీ ముందే తెలుసుకోండి. గడువు దగ్గర్లోనే ఉంటే నా ఆరు వారాలను దానికి తగ్గట్టు కుదించండి.

ప్రైవేటు ట్యూషన్ సంగతి కూడా మీరు అడిగారు. వ్యాసాన్ని దిద్ది ఎర్ర గీతలతో వెనక్కి ఇచ్చే ట్యూటరు వద్దు. అది డబ్బిచ్చి చేయించుకునే చాట్‌బాట్ పనే. ప్రశ్నలు వేసి, పిల్ల చేతే సమాధానం చెప్పించే మనిషి దొరికితే పెట్టండి.

ఆ మనిషి మీ ఇంట్లోనే ఉన్నారని నా నమ్మకం. తెలుగు మీడియం చదువు మిమ్మల్ని దీనికి ఏమాత్రం అనర్హురాలిని చేయలేదు. అన్నం తింటున్నప్పుడు ఆ రోజు చదివిన రంగాన్ని తెలుగులో చెప్పమనండి. మీరు ఆ పుస్తకం చదవకపోవడమే మేలు, అప్పుడు మీ ప్రశ్న నిజమైన ప్రశ్న అవుతుంది. ‘వాడు అలా ఎందుకు అన్నాడంటావు?’ అని అడగండి. జవాబు చెప్పాక ‘ఏ మాట చూసి అలా అనుకున్నావు?’ అనండి. ఆ తరువాత ‘నాకలా అనిపించడం లేదు’ అనండి. పిల్ల మీతో వాదించాలి. వాదించి, పుస్తకం తెచ్చి పేజీ తీసి చూపించాలి. ఆ కాసేపట్లో తను చెప్పినదే ఇంగ్లీషులో రాసుకుంటే వ్యాసంలో సగం అయిపోయినట్టే. తల్లికి ఎదురుచెప్పడం అమర్యాద అన్న నియమాన్ని ఆ అరగంట పక్కన పెట్టగలరా? మీ ఇంట్లో ఇది అన్నిటికంటే కష్టమైన పని కావచ్చు. ఆ క్లాసుకు మాత్రం అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే.

ఈ సంభాషణలోకి మీవారిని కూడా లాగండి. ప్రోగ్రామింగ్ చేసే మనిషి కదా, ఏ లైను ఎందుకు రాశారో సహోద్యోగులకు రోజూ వివరిస్తూనే ఉంటారు. పిల్ల చేస్తున్నదీ అదేనని విన్నాక ఆయనకే తెలుస్తుంది. అప్పటికీ నమ్మకం కుదరకపోతే, మూడేళ్లలో అమ్మాయి కాలేజీలకు పంపాల్సిన, 650 పదాలకు మించని స్వీయ వ్యాసం గురించి చెప్పండి. అందులో కోడింగు మార్కులు పనికిరావు. తను ఎవరు, ఎలా ఆలోచిస్తుంది అన్నదే రాయాలి.

మార్కులు చూపించే యాప్‌ను మీరిద్దరూ రోజుకు ఎన్నోసార్లు తెరుస్తున్నట్టు రాశారు. శుక్రవారం సాయంత్రం ఒక్కసారి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఎంత వచ్చింది అన్నదానికి ముందు, టీచరు ఏం రాశారో చదివించండి.

ఈ వారంలో కౌన్సెలర్‌కు ఒక మెయిలు వెళ్లాలి. క్లాసు మారే ఆఖరి తేదీ ఏది, మారితే ఇప్పటివరకు వచ్చిన మార్కులు ఎలా బదిలీ అవుతాయి, వచ్చే ఏడాది ఆనర్స్‌కు తిరిగి రావడానికి ఏం కావాలి అని మూడే ప్రశ్నలు. అది అమ్మాయి చేతే రాయించండి. మీ పేరు కాపీలో ఉంటే చాలు.